2.5ఈ-6 అని కొట్టడం రాకపోతే ఓఎస్ రానట్టేనా?

పేటకుర్రోడు (శనివారం రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్, పల్నాడు వైపు ఒక ప్రైవేటు కాలేజీ. మా దగ్గరికి క్యాంపస్ సెలక్షన్లకి పెద్దగా ఎవరూ రారు, ఆఫ్ క్యాంపస్ టెస్టులే దిక్కు. మొన్న ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టులో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) సెక్షన్‌లో ఈ లెక్క ఇచ్చారు. మెమరీ యాక్సెస్‌కి 200 నానోసెకన్లు. పేజీ ఫాల్ట్ (కావాల్సిన పేజీ మెమరీలో లేక డిస్క్ నుంచి తెచ్చుకోవాల్సి రావడం) వస్తే 8 మిల్లీసెకన్లు. ఫాల్ట్‌ల వల్ల వేగం 10 శాతానికి మించి తగ్గకూడదంటే ఫాల్ట్ సంభావ్యత ఎక్కువలో ఎక్కువ ఎంత ఉండొచ్చు?

నాకొచ్చిన లెక్కే. 8 మిల్లీసెకన్లంటే 80,00,000 నానోసెకన్లు. సంభావ్యత ‘పి’ అనుకుంటే సగటు సమయం 200 + 79,99,800 పి. అది 220 దాటకూడదు. 20ని 79,99,800తో భాగిస్తే సుమారు 2.5 × 10^-6. రఫ్ పేపర్ మీద నిమిషంన్నరలో తేలిపోయింది.

తిప్పలన్నీ ఆ తర్వాతే. పెట్టెలో 2.5 కొట్టా. ఇంటూ కోసం ఎక్స్ కొడితే పడలేదు. స్టార్ కొట్టా, పడలేదు. 10 పడింది. టోపీ గుర్తు (^) పడలేదు. -6 పడింది. చివరికి తెర మీద మిగిలింది 2.510-6. టైమర్‌లో 35 సెకన్లు. పోనీ 0.0000025 అని కొడదామంటే ప్రశ్న కింద ‘రెండు దశాంశ స్థానాలకు సవరించి ఇవ్వండి’ అని ఉంది. అలా సవరిస్తే 0.00. అది సమాధానం ఎలా అవుతుంది? టెన్షన్‌లో ఉన్నదున్నట్టు వదిలేసి సబ్మిట్ కొట్టేశా.

రిపోర్టులో ఆ ప్రశ్నకి ‘సమాధానం ఇవ్వలేదు’ అని వచ్చింది. కనీసం తప్పు అని కూడా కాదు. కటాఫ్‌కి ఒక్క మార్కు తక్కువ.

2.5ఈ-6 అని కొట్టాలట, తర్వాత మా సీనియర్ చెప్పాడు. (ఇక్కడ తెలుగు లిపే రాయాలి కాబట్టి ఇంగ్లిష్ ఐదో అక్షరాన్ని ‘ఈ’ అని రాస్తున్నా. ‘ఈ-6’ అంటే ఇంటూ 10^-6 అని.) సూచనల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. నేను ఫెయిలయింది ఓఎస్‌లోనా, టైపింగ్‌లోనా?

కెర్నల్_కాపలా (రాత్రి 10:05)

తమ్ముడూ, బాధ అర్థమైంది కానీ ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నేను గచ్చిబౌలిలో పద్నాలుగేళ్లుగా సిస్టమ్స్ పని చేస్తున్నా, ఇంటర్వ్యూలూ చేస్తుంటా. సీ, జావా, పైథాన్, ఏది తీసుకున్నా 2.5ఈ-6 అనే రాస్తారు. ఎక్సెల్ అయినా అలాగే చూపిస్తుంది. నాలుగేళ్లు సీఎస్ఈ చదివి అది ఒక్కసారి కూడా కంటపడలేదంటే ఎలా నమ్మాలి? పైగా ఆ టోపీ గుర్తు. సీలో 10^-6 అని రాస్తే ఏమొస్తుందో తెలుసా? -16. అక్కడ టోపీ అంటే ఘాతం కాదు, ఎక్సార్, రెండు సంఖ్యల బిట్లని పోల్చే గుర్తు. రేపు ప్రొడక్షన్ కోడ్‌లో కూడా ఇలాగే రాస్తే ఎవరు మోస్తారు?

సున్నాసున్నా (రాత్రి 10:11)

నేనూ అదే టెస్ట్ రాశా. 0.00 కొట్టా. మార్కు పడింది 😀

లెక్కలరావు (రాత్రి 10:20)

మొదటి నుంచీ తప్పే మాట్లాడుతున్నారు. ‘ఈ’ అంటే 2.718. అది ఒక స్థిరాంకం. 2.5ఈ-6 అంటే 2.5ని 2.718తో గుణించి 6 తీసేయడం. విలువ 0.795. గణితంలో ఉన్నది ఇది, మిగతాదంతా కంప్యూటర్ వాళ్ల బద్ధకం.

నెట్‌సెంటర్_బాబీ (రాత్రి 10:24)

మా సెంటర్‌లో రోజూ ఇదే గోల. ఆధార్ నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కిస్తే 1.23457ఈ+11 అని చూపిస్తుంది. జనం ‘నా ఆధార్‌లో ఇంగ్లిష్ అక్షరం ఎందుకొచ్చింది’ అని కొట్లాట. గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

ఓఎస్_పంతులు (రాత్రి 10:52)

కాకినాడ వైపు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెబుతాను. కాపలా గారూ, మీరు చెప్పిన -16 సంగతి నిజమే. కానీ ఆ అబ్బాయి ప్రోగ్రాం రాయలేదు, సమాధానం రాశాడు. రెండూ ఒకటి కాదు. గేట్ పరీక్ష చూడండి. సంఖ్య రాయాల్సిన ప్రశ్నలకి తెర మీది కీప్యాడే ఉంటుంది. అంకెలు, చుక్క, మైనస్ అంతే. మామూలు కీబోర్డు పనిచేయదు. అందుకే ప్రశ్న రాసేవాళ్లు ‘నానోసెకన్లలో చెప్పండి’ అని యూనిట్ బిగించి ఇస్తారు, సమాధానం చిన్న అంకెలోకి వచ్చేలా. అది ప్రశ్న రాసేవాడి బాధ్యత. కాలేజీల్లో ఆన్‌లైన్ క్విజ్‌లకి వాడే మూడిల్‌లో క్విజ్ పెడితే 2.5ఈ-6 అన్నా 2.5x10^-6 అన్నా ఒకేలా తీసుకుంటుంది. ఎవరో ఓపెన్ సోర్స్ వాళ్లు పట్టించుకోగలిగారు, జీతాలిచ్చే కంపెనీకి చేతకాలేదా?

డల్లాస్_పద్మ (రాత్రి 11:15)

ఫ్రంటెండ్ పని (వెబ్ పేజీలు కట్టడం) చేస్తాను, ఒక ముక్క చెప్పి పోతా. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది ‘నంబర్’ రకం ఇన్‌పుట్ పెట్టె. కొన్ని బ్రౌజర్లు అందులో అంకెలు, చుక్క, ప్లస్, మైనస్, ‘ఈ’ అక్షరం తప్ప ఇంకేమీ పడనివ్వవు. లోపల ఉన్నది సరైన సంఖ్య కాకపోతే ఆ పెట్టె విలువ ఖాళీ అయిపోతుంది. తెర మీద 2.510-6 కనిపిస్తున్నా సర్వర్‌కి వెళ్లేది ఏమీ లేదు. అందుకే ‘సమాధానం ఇవ్వలేదు’ అని వచ్చింది. ‘ఇది సంఖ్య కాదు’ అని ఎర్ర అక్షరాల్లో ఒక్క లైను చూపించడం పెద్ద పనేమీ కాదు. చూపించకపోవడం కట్టినవాళ్ల తప్పు.

కెర్నల్_కాపలా (రాత్రి 11:31)

పద్మ గారూ, మీరే చెప్పారుగా, ‘ఈ’ పడుతుందని. అంటే దారి తెరిచే ఉంది.

మాస్టారూ, బాధ్యత అంటున్నారు కాబట్టి నా అనుభవం చెబుతా వినండి. మొన్నీమధ్య పదిమందిని ఇంటర్వ్యూ చేశా. డెడ్‌లాక్‌కి (పనులు ఒకదాని కోసం ఒకటి ఆగి ఏదీ కదలకపోవడం) నాలుగు షరతులేంటి అంటే పదిమందీ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, హోల్డ్ అండ్ వెయిట్, నో ప్రీఎంప్షన్, సర్క్యులర్ వెయిట్. బెలాడీ అనామలీ (మెమరీలో పేజీలు పెట్టే ఫ్రేములు పెంచినా ఫాల్ట్‌లు పెరగడం) అంటే మూడు ఫ్రేములకి 9 ఫాల్ట్‌లు, నాలుగు ఫ్రేములకి 10 అని ఎక్కాల్లాగా చెప్పారు. సరే బాబూ, రెండు థ్రెడ్లు రెండు లాకులు పట్టుకుని ఒకదాని కోసం ఒకటి కూర్చున్నాయి, ఆ నాలుగింటిలో దేన్ని ఎలా తెగ్గొడతావ్ అన్నా. తొమ్మిదిమంది మౌనం. ఒక్కమ్మాయి మాత్రం, లాకులు అందరూ ఒకే వరసలో తీసుకునేలా చేస్తే సర్క్యులర్ వెయిట్ పోతుంది అంది. ఆ అమ్మాయినే తీసుకున్నాం. మీరు కాలేజీల్లో నేర్పేది మిగతా తొమ్మిదిమందిని.

ఓఎస్_పంతులు (రాత్రి 11:48)

నేర్పేది మేమే, ఒప్పుకుంటా. మీరు నాలుగు షరతులు అడుగుతారని తెలిసే నాలుగు షరతులు నేర్పుతాం. ఏటా అవే ప్రశ్నలు అడిగేది ఎవరు?

పైగా ఈ అబ్బాయి బట్టీ పట్టలేదు. లెక్క చేశాడు. మీరు కావాలంటున్నది సరిగ్గా అలాంటివాడే, మీ పెట్టె వాణ్ణే బయటికి నెట్టింది.

స్పిన్నింగ్‌డిస్క్ (రాత్రి 11:50)

8 మిల్లీసెకన్లు అంటే తిరిగే హార్డ్ డిస్క్ కాలం నాటి లెక్క. ఎస్ఎస్‌డీలు వచ్చాక కూడా ఇదే ప్రశ్నా?

కెర్నల్_కాపలా (రాత్రి 11:58)

మా పెట్టె కాదది, మా కంపెనీ కూడా కాదు. సరే, ‘ఈ’ తెలియదు అనుకుందాం. బుర్ర వాడాలిగా! నాలుగు రకాలుగా ప్రయత్నించాలి. కనీసం 2.5*10ఈ-6 అని కొట్టినా బండి నడిచేది. సమస్య ఎదురైతే చేతులెత్తేసేవాడు రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఏం చేస్తాడు?

ఓఎస్_పంతులు (ఆదివారం ఉదయం 12:09)

కాపలా గారూ, మీరు కొట్టమన్నది ఇంకోసారి చూడండి. ఆ పెట్టెలో స్టార్ పడదన్న సంగతి పక్కన పెట్టినా, 10ఈ-6 అంటే 10 × 10^-6, అంటే 10^-5. మీ సమాధానం 2.5 × 10^-5 అయింది, అసలుకి పది రెట్లు. 79,99,800తో గుణించి చూడండి, 200 నానోసెకన్లు అదనం. 200 కాస్తా 400. పది శాతం కాదు, ప్రతి యాక్సెస్‌కీ రెట్టింపు సమయం. పద్నాలుగేళ్ల అనుభవం ఉన్న మీరే రాత్రి పన్నెండింటికి ప్రశాంతంగా కూర్చుని తప్పు కొట్టారు. ఆ కుర్రాడికి ఉన్నది 35 సెకన్లు.

సున్నాసున్నా (ఉదయం 12:10)

😂😂

లెక్కలరావు (ఉదయం 12:14)

నేను ముందే చెప్పా ఆ అక్షరం వాడొద్దని.

కెర్నల్_కాపలా (ఉదయం 12:40)

తొందరలో వేళ్లు తడబడ్డాయి. దాన్ని పట్టుకుని వేలాడకండి.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతా. నేను పుట్టింది గచ్చిబౌలిలో కాదు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. బీటెక్‌లో చేరాక కంప్యూటర్ ముట్టుకున్నా. మా కాలేజీ ల్యాబ్ తాళం ఎప్పుడూ అటెండర్ దగ్గరే ఉండేది. గంటకి పదిహేను రూపాయలిచ్చి నెట్ సెంటర్‌లో కూర్చుని లినక్స్ నేర్చుకున్నా. మొదటి టెస్టులో నెగటివ్ మార్కులు ఉన్నాయని కూడా తెలియక అన్నీ గుడ్డిగా గుర్తుపెట్టి పోగొట్టుకున్నా. నాకెవరూ సూచనలు రాసివ్వలేదు. ఎక్కడా ఇలా ఏడుస్తూ పోస్టు పెట్టలేదు. ఒక్క ఉద్యోగానికి వేలల్లో వస్తారు. అందులో మంచివాణ్ణి వెతకడం టెస్టు పని కాదు, జనాన్ని తగ్గించడం దాని పని. ఏ జల్లెడ పట్టినా కొన్ని మంచి గింజలు కింద పడతాయి. ఇంకో టెస్టు రాసుకోవాలి, అంతే.

పేటకుర్రోడు (ఉదయం 12:58)

అన్నా, ఇప్పటిదాకా ఓఎస్ గురించి మాట్లాడుతున్నాం అనుకున్నా. మీరు పడ్డారు కాబట్టి మేమూ పడాలి, ఇదేనా మీరు చెప్పేది?

మా ల్యాబ్‌లో ముగ్గురికి ఒక సిస్టమ్. నేను కూర్చుంటే మిగతా ఇద్దరు వెనక నిలబడతారు. సెమఫోర్ ప్రోగ్రాం రికార్డులో నీలం ఇంకుతో రాశా, అవుట్‌పుట్ కూడా ఇంకుతోనే రాశా, రన్ చేసి కాదు. 10 మీద చిన్నగా -6 అని చేత్తో వేయడం నాకు ఆరో క్లాసు నుంచి అలవాటు. కీబోర్డులో అది ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేదు, అవసరం కూడా పడలేదు. సిటీలో కోచింగ్ తీసుకున్న మా కజిన్‌కి ఇలాంటి మాక్ టెస్టులు ముప్ఫై రాయించారు. వాడికి ‘ఈ’ తెలుసు. పేజీ ఫాల్ట్ అంటే పేజీ పాడైపోవడం అనుకుంటున్నాడు. వాడు రెండో రౌండ్‌కి వెళ్లాడు.

జల్లెడ అన్నారు. సరే. జల్లెడ దేన్ని ఆపుతోందో చూసుకోవాలి కదా.

నెట్‌సెంటర్_బాబీ (ఉదయం 1:03)

గంటకి పదిహేనా? మా సెంటర్‌లో ఇప్పుడు నలభై.

కెర్నల్_కాపలా (ఉదయం 1:20)

కజిన్ సంగతి నాకు తెలియదు. నిన్ను ఒకటి అడుగుతా, వెతుక్కోకుండా చెప్పు. 2.5 × 10^-6 అంటే మామూలు మాటల్లో ఏంటి? అంత తక్కువ ఎందుకు ఉండాల్సి వస్తోంది?

పేటకుర్రోడు (ఉదయం 1:24)

సుమారు నాలుగు లక్షల యాక్సెస్‌లకి ఒక్క ఫాల్ట్ అన్నా. ఒక్క ఫాల్ట్‌కి పట్టే టైములో మెమరీని నలభై వేలసార్లు చదివేయొచ్చు. అందుకని ఒక్కటి ఎక్కువైనా సగటు పాడవుతుంది. లోకాలిటీ ఉంది కాబట్టి సరిపోతోంది, ప్రోగ్రాం కాసేపు అవే పేజీల్లో తిరుగుతుంది. లేకపోతే థ్రాషింగే, పేజీలు తెచ్చుకోవడంతోనే టైమంతా పోతుంది.

కెర్నల్_కాపలా (ఉదయం 1:31)

ఊఁ. ఇది ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే నేను తీసుకునేవాణ్ణి.

పేటకుర్రోడు (ఉదయం 1:32)

ఇంటర్వ్యూ దాకా రానిస్తే కదా అన్నా.

ఓఎస్_పంతులు (ఉదయం 7:45)

రాత్రి పడుకునే ముందు మా మూడిల్ క్విజ్ తెరిచి చూశా. సిగ్గుపడాల్సిన సంగతి, కానీ చెబుతా. ఇదే లెక్క నేనూ పెట్టాను. కీ 0.0000025, టాలరెన్స్ (కీకి అటూ ఇటూ ఒప్పుకునే తేడా) 0.01. అంటే 0 రాసినా సరే, 0.005 రాసినా సరే, అందరికీ ఫుల్ మార్కులు. రెండేళ్లుగా ‘మా పిల్లలకి పేజింగ్ బాగా వచ్చు’ అని స్టాఫ్ మీటింగుల్లో చెప్పుకుంటున్నా.

సున్నాసున్నా (ఉదయం 8:02)

నాకు మార్కు ఎలా పడిందో ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. ఆ కంపెనీ వాళ్లూ మీలాగే పెట్టి ఉంటారు.

ఓఎస్_పంతులు (ఉదయం 8:30)

మార్చేశా. ‘ఫాల్ట్‌ల వల్ల వేగం 10 శాతానికి మించి తగ్గకూడదంటే, పది లక్షల యాక్సెస్‌లకి గరిష్ఠంగా ఎన్ని ఫాల్ట్‌లు రావచ్చు? రెండు దశాంశ స్థానాలకు ఇవ్వండి.’ కీ 2.50. ‘ఈ’ అక్కర్లేదు, టోపీ అక్కర్లేదు.

కెర్నల్_కాపలా (ఉదయం 9:10)

బాగుంది మాస్టారూ, కానీ కీ తప్పు. వేగం 10 శాతం తగ్గడం వేరు, సమయం 10 శాతం పెరగడం వేరు. 220 అనేది సమయం పెరిగితే. వేగమే 10 శాతం తగ్గితే 200ని 0.9తో భాగించాలి, 222.22 నానోసెకన్లు. అప్పుడు పది లక్షలకి 2.78.

లెక్కలరావు (ఉదయం 9:14)

ఇది మాత్రం కరెక్ట్.

ఓఎస్_పంతులు (ఉదయం 9:22)

అవును. రాత్రి నుంచి ఒక్కరం చూడలేదు. ‘సమయం’ అని మార్చేస్తున్నా.

కెర్నల్_కాపలా (ఉదయం 9:25)

తమ్ముడూ, అసలు ప్రశ్నలో ఏ మాట ఉంది? వేగమా, సమయమా?

పేటకుర్రోడు (ఉదయం 9:41)

ఇంగ్లిష్‌లో ‘డిగ్రడేషన్’ (దిగజారడం) అని ఉన్నట్టు గుర్తన్నా. దేనిదో రాయలేదు.