గుడ్డ డైపర్ అరగంటకే కారిపోతోంది, ఏం చేయాలి?

కొత్తమ్మ:
విసుగొచ్చేసింది. రాత్రంతా ఇదే పని. పాపకి గుడ్డ డైపర్లే వాడాలని పుట్టకముందే ఒక సెట్ తెప్పించుకున్నాం. వేసిన అరగంటకల్లా జబ్లా తడి, పక్క తడి, నా నైటీ తడి. గంటల తరబడి ఆగుతుందని ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో రాశారు. బటన్లు బిగించి చూశాను, లోపల రెండేసి ప్యాడ్లు పెట్టి చూశాను, వీడియోలో చూపించినట్టే చేశాను. అయినా అంతే. ఉతికినవి ఆరడం లేదు, ఆరినవి చాలడం లేదు. అమ్మేమో "పచ్చి బాలింతవి, నీకెందుకే ఈ చాకిరీ, కొన్న డైపర్లు వేసెయ్" అంటోంది. మా ఆయన నోరెత్తకుండా దుప్పట్లు మారుస్తున్నారు, అది ఇంకా టెన్షన్‌గా ఉంది. అసలివి ఎవరికైనా పనిచేశాయా? మంచి కంపెనీ ఏదైనా ఉంటే చెప్పండి, వీటిని వాపస్ పంపించేస్తా.

వైజాగ్ వాసి:
పాప బరువు?

గోదారి బామ్మ:
ముందు నువ్వు కాస్త పడుకో తల్లీ. పసిగుడ్డుకి ఈ బటన్ల చెడ్డీలేంటి? మేం ముగ్గుర్ని పెంచాం. ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీరలు, పంచెలు చింపి పెట్టుకునేవాళ్ళం. చదరపు గుడ్డని ముక్కోణంగా మడిచి, కింది కొస కాళ్ళ మధ్య నుంచి పైకి తెచ్చి నడుం దగ్గర ముడేస్తే సరి. పక్కలో రబ్బరు షీటు, దాని మీద పాత బొంత. తడవగానే తీసి బకెట్లో వేసి ఇంకోటి కట్టడమే. పాలు తాగాక కాసేపాగి, చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని "ష్‌ష్" అంటే సగం గుడ్డలు మిగిలేవి. కొత్త గుడ్డ మాత్రం కట్టకు. గంజి పోయేదాకా అది తడి పీల్చదు, తొడలు ఒరుసుకుపోతాయి.

కొత్తమ్మ:
బామ్మగారూ, మీరు చెప్పేది లంగోటా. నావి పాకెట్ డైపర్లు, పైన వాటర్‌ప్రూఫ్ బట్ట, లోపల ప్యాడ్ దూర్చేవి. @వైజాగ్ వాసి, బరువుకీ కారడానికీ ఏం సంబంధమండీ? పాప బాగానే ఉంది, పాలు బాగానే తాగుతోంది.

వైజాగ్ వాసి:
ఉంది సంబంధం. బరువు చెప్పండి.

పచ్చబుట్ట:
మీ అమ్మగారి మాట విని కొన్న డైపర్లకి పోకండి, దయచేసి. వాటి లోపల తడిని జెల్లీ చేసేది సోడియం పాలీఅక్రిలేట్, పైన ప్లాస్టిక్ పొర. వాడి పారేసింది మనం పోయాక కూడా ఉంటుంది. ఘన వ్యర్థాల నియమాల్లో స్పష్టంగా రాశారు, వాడిన డైపర్‌ని చుట్టి విడిగా వేయాలని. మా అపార్ట్‌మెంట్లో నూటికి ఒక్కరు కూడా చుట్టరు. అన్నం మెతుకులతో కలిపి పడేస్తారు, చెత్త ఏరే అమ్మాయి వట్టి చేతులతో విడదీస్తుంది. నేను రెండేళ్ళుగా నోటీసు బోర్డు మీద అంటిస్తూనే ఉన్నాను...

రెండో కాన్పు:
పచ్చబుట్ట గారూ, ఆవిడ గుడ్డవే వాడుతున్నారు కదండీ, ఎవరికి చెప్తున్నారు మీరు!

కొత్తమ్మా, కొన్ని చెప్పండి ముందు. పాపకి ఎన్ని రోజులు? ప్యాడ్ కాటనా, మైక్రోఫైబరా? వాడకముందు ఎన్నిసార్లు ఉతికారు, దేంతో ఉతికారు? కారేది తొడల దగ్గరా, నడుం దగ్గరా, లేక బట్టంతా చెమర్చుతోందా? ఆఖరిది చాలా ముఖ్యం. తొడ దగ్గర కారితే సైజు తేడా. నడుం దగ్గరయితే ప్యాడ్ అంచు బయటికి వచ్చి జబ్లాకి తగులుతోందని అర్థం, తడి దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. ప్యాడ్ పొడిగా ఉండి ఒంటేలు మాత్రం బయటికొచ్చిందంటే ప్యాడ్ పీల్చడం లేదు.

నీటిలెక్క:
అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఉతికే నీళ్ళేవి? బోరా, ట్యాంకరా, మున్సిపాలిటీదా? హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్ళయితే సమస్య సగం అక్కడే. కాఠిన్యం అంటే నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. సబ్బుతో కలిస్తే అవి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్ అంచున మీరు చూసే ఆ తెట్టే గుడ్డ పోగుల్లోకీ పోతుంది. అందుకే బోరు నీళ్ళలో ఉతికిన తువ్వాలు అట్టలా ఉంటుంది. సబ్బు బిళ్ళ కంటే డిటర్జెంట్ పొడి నయం, అందులో నీటిని మెత్తబరిచే పదార్థాలుంటాయి. ఇంకో మాట, చాలామంది టీడీఎస్ (నీళ్ళలో కరిగినవన్నీ కలిపిన లెక్క) మీటర్ ముంచి కాఠిన్యం కొలిచామనుకుంటారు. అది వేరు, ఇది వేరు. తాగే నీటికి ఐఎస్ 10500 ప్రమాణంలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. ల్యాబ్‌లో పరీక్ష చేయించి రీడింగ్ ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.

డల్లాస్ అమ్మ:
ఇన్ని అక్కర్లేదండీ. లైనర్ తీసేసి చూడండి, దానివల్లే మాకూ కారేది.

కొత్తమ్మ:
లైనర్ తీసేశాను. అయిదు నిమిషాల్లో మంచం మీద చెరువు. అది ఉన్నప్పుడే కాస్త నయం.

డల్లాస్ అమ్మ:
ఏది తీశారు మీరు?

కొత్తమ్మ:
లోపల దూర్చే పొడుగాటి మందపాటిది. అదే కదా లైనర్?

వైజాగ్ వాసి:
అది ఇన్సర్ట్.

డల్లాస్ అమ్మ:
అయ్యో, నేనన్నది పైన పరిచే పల్చటి కాగితం లాంటిది, దొడ్డికి వెళ్తే ఎత్తి పారేయడానికి. ఇన్సర్ట్ తీసేస్తే ఇంకేముంటుంది, వట్టి చెడ్డీ!

రెండో కాన్పు:
ఇక్కడి షాపుల వాళ్ళు ఇన్సర్ట్‌నే లైనర్ అంటారు, కొందరు ప్యాడ్ అంటారు, బూస్టర్ ఇంకోటి. ఒక వెబ్‌సైట్లో అయితే ఒకే దానికి రెండు పేర్లు. కాబట్టి పేరు కాదు, పనిచూసి చెప్పుకుందాం. ఒంటికి తగిలేది, తడి పీల్చేది, బయట ఆపేది. మూడూ ఉండాలి.

పచ్చబుట్ట:
ఆ కాగితం లైనర్ కూడా చెత్తే. "ఫ్లష్ చేయొచ్చు" అని రాసి ఉంటుంది, నమ్మి కమోడ్‌లో వేయకండి, పైపులు మూసుకుపోతాయి.

డల్లాస్ అమ్మ:
మీతో కష్టమండీ. గుడ్డలు ఉతకడానికీ నీళ్ళు, కరెంటు కావాలి కదా. బ్రిటన్ ప్రభుత్వం 2008లో లెక్క తీస్తే, గుడ్డ మంచిదా కొన్నది మంచిదా అన్నది ఉతికే తీరుని బట్టే ఉంటుందని తేలింది.

పచ్చబుట్ట:
అదే నివేదికలో మిగతాది కూడా చెప్పండి. మెషీన్ నిండా వేసి ఉతికి, దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకీ వాడితే గుడ్డలదే పైచేయి. డ్రయ్యర్లో వేసేది మీరు, దండెం మీద ఆరేసేది మేము.

నైట్ డ్యూటీ:
స్టాఫ్ నర్సుని. గొడవ మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మొదటి వారం దాటాక పసిపిల్లలు రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువ సార్లు ఒంటేలు పోస్తేనే పాలు సరిపోతున్నాయని లెక్క. కాబట్టి తడవడం అన్నది సంతోషించాల్సిన విషయం. ఈ వయసులో ఏ గుడ్డయినా రెండు గంటలకి మించి ఉంచొద్దు, దొడ్డికి వెళ్తే వెంటనే. రోజుకి పది, పన్నెండు మార్పులు మామూలే. బొడ్డు ఊడకపోతే గుడ్డ అంచుని బొడ్డు కిందికి మడవండి, తడి తగలకూడదు. ఆడపిల్ల కాబట్టి ముందు నుంచి వెనక్కే తుడవాలి. పౌడర్ వేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జింక్ క్రీమ్ దట్టంగా పూస్తే అదీ గుడ్డకి అంటుకుని పీల్చనివ్వదు, రాయాల్సి వస్తే మధ్యలో పల్చటి గుడ్డ ముక్క పరచండి. తొడల మడతల్లో బాగా ఎర్రబడి చుట్టూ చిన్న చిన్న పొక్కులొస్తే అది ఫంగస్ కావచ్చు, నూనెలు పూస్తూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించండి.

కొత్తమ్మ:
బొడ్డు ఊడిపోయిందండీ. పాపకి ఇరవయ్యో రోజు. మొన్న చెకప్‌లో 2.9 కిలోలు. పుట్టినప్పుడు ఇంకా తక్కువ, మూడు వారాలు ముందే పుట్టింది. ప్యాడ్లు కాటన్. ఒకసారి ఉతికి వాడాను. నీళ్ళు బోరువే, బట్టలు గట్టిగా అయిపోతున్నాయని చివర్లో ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తాం. కారేది తొడల దగ్గర. ప్యాడ్ తీసి చూస్తే మధ్యలోనే తడి, అంచులు పొడి.

వైజాగ్ వాసి:
ప్యాకెట్ వెనక చూడండి. 5 కిలోల నుంచి అని ఉంటుంది.

కొత్తమ్మ:
"ఫ్రీ సైజ్" అని రాశారండీ ముందు!

వైజాగ్ వాసి:
వెనక చూడండి.

కొత్తమ్మ:
ఉంది. 5 నుంచి 17. చిన్న అక్షరాల్లో.

రెండో కాన్పు:
ఇంకేం, దొరికింది. ఒకటి కాదు, మూడు కలిశాయి.

మొదటిది సైజు. 2.9 కిలోల పాప తొడ ఎంతుంటుంది, నా బొటనవేలు చూపుడువేలు కలిపితే చుట్టూ వచ్చేస్తుంది. ముందు వరస బటన్లు ఎంత కిందికి దించి పెట్టినా గజ్జల దగ్గర సందు మిగులుతుంది. మీరు రెండేసి ప్యాడ్లు పెట్టేసరికి మధ్యలో ఉబ్బి ఆ సందు ఇంకా పెరిగింది. వాపస్ పంపకండి, దాచండి. ఐదు కిలోలు దాటాక ఇవే బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అప్పుడు కూడా ఎలాస్టిక్ తొడ మీద కాదు, గజ్జల మడతలో కూర్చోవాలి, చెడ్డీ గీత ఉండేచోట. అక్కడ వేలు దూరిస్తే సులువుగా ఆడకూడదు, గట్టి అచ్చు పడకూడదు.

రెండోది, కొత్త కాటన్ ప్యాడ్‌లో సహజంగా ఉండే మైనం. బామ్మగారు గంజి గురించి చెప్పింది దీనికీ వర్తిస్తుంది. అయిదారుసార్లు ఉతికి ఆరేస్తే గానీ పూర్తిగా పీల్చదు.

మూడోది ఆ కండిషనర్. పోగుల మీద పూతలా పేరుకుంటుంది, మెత్తగా అనిపించేది ఆ పూతే. ఒక పని చేయండి, ఆరిన ప్యాడ్ మీద చెంచాడు నీళ్ళు పోయండి. వెంటనే ఇంకితే సరే. తామరాకు మీద బొట్టులా నిలబడి జారిపోతే అదే మీ జబ్బు. వేడినీళ్ళు, డిటర్జెంట్ పొడి వేసి ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి, మళ్ళీ బొట్టు పరీక్ష చేయండి. కండిషనర్ ఆ బకెట్ దరిదాపుల్లోకి రానివ్వకండి. బయటి కవర్లని మాత్రం వేడినీళ్ళలో మరిగించకండి, వాటర్‌ప్రూఫ్ పొర ఊడుతుంది.

అప్పటిదాకా బామ్మగారి ముక్కోణం గుడ్డే కట్టండి. దాని మీదికి పుట్టిన పిల్లల సైజు కవర్ ఒకటి రెండు కొంటే పక్క తడవదు. గుడ్డ మారుస్తారు, కవర్ తుడిచి మళ్ళీ వాడతారు. రాత్రి ఒక్క కొన్న డైపర్ వేసి మీరిద్దరూ నిద్రపోయినా ఎవరూ కేసు పెట్టరు.

పచ్చబుట్ట:
పెట్టను. చుట్టి, విడిగా వేస్తే.

గోదారి బామ్మ:
నేనదే చెప్పాను మొదటే. ఎవరు వింటారు.

నీటిలెక్క:
కండిషనర్ మానేస్తే మళ్ళీ గట్టిబడతాయి, మూలం నీళ్ళే కాబట్టి. ఉతికేటప్పుడు వాషింగ్ సోడా కొంచెం వేయండి. ఆఖరి జాడింపుకి మాత్రం మంచినీళ్ళు వాడండి, కృష్ణా నీళ్ళయినా మంజీరా అయినా సరే.

డల్లాస్ అమ్మ:
వెనిగర్ వేస్తే మెత్తబడతాయి. మరకలకి బ్లీచ్.

నీటిలెక్క:
వెనిగర్ అలవాటు చేస్తే ఎలాస్టిక్ పాడవుతుంది.

నైట్ డ్యూటీ:
బ్లీచ్ వద్దమ్మా. జాడించని ఒంటేలు గుడ్డల మీద పోస్తే అమ్మోనియాతో కలిసి ఘాటు వాయువు వస్తుంది, బాలింత ఉన్న ఇంట్లో అసలొద్దు. వెనిగర్‌తో కలిసినా ప్రమాదమే. తల్లిపాల దొడ్డి మరక పచ్చగా ఉంటుంది, ఎండలో తడిగా ఆరేస్తే చాలావరకు పోతుంది. ఆరు నెలలు నిండి అన్నం మొదలెట్టాక మాత్రం గుడ్డలోది దులిపి కమోడ్‌లో వేశాకే ఉతకాలి.

డల్లాస్ అమ్మ:
ఇక్కడ అందరూ బ్లీచే వాడతారండీ, తగిన కొలతలో, జాడించాకే. మరీ భయపెట్టకండి.

నైట్ డ్యూటీ:
కొలత చూసి వాడేవాళ్ళు ఎందరో నాకు తెలుసు లెండి.

కొత్తమ్మ:
బొట్టు నిలబడింది. ప్యాడ్లన్నీ మళ్ళీ ఉతుకుతున్నాం. అమ్మ పాత పంచె చింపి కట్టింది, ప్రస్తుతానికి బానే ఉంది. కవర్ ఆర్డర్ పెట్టాం. అందరికీ థాంక్స్, పాప లేచింది.

నీటిలెక్క:
కాఠిన్యం రీడింగ్ వస్తే పెట్టండి.

నీటిలెక్క:
పరీక్ష చేయించారా?

బుజ్జిగాడి నాన్న:
పాత చర్చ అని తెలుసు, అయినా అడుగుతున్నా. మా వాడికి ఎనిమిదో నెల, ఆరు కిలోలు దాటాడు, సైజు సరిగ్గానే ఉంది, పగలు చుక్క కారదు. రాత్రి బోర్లా పడుకుంటే మాత్రం ముందు వైపు నుంచి మొత్తం పోతోంది. ప్యాడ్‌ని ముందుకి మడిచి పెట్టాలా, ఇంకోటి కలపాలా? అలాగే పిల్లల్ని చూసుకునే క్రెష్ వాళ్ళు గుడ్డవి మార్చం అంటున్నారు, ఎవరైనా ఒప్పించారా?