తెల్లవారుజామున బండి చప్పుడు, పక్కింటివాళ్లతో సర్దుబాటు: మీరెలా నెట్టుకొస్తున్నారు?

వేకువషిఫ్ట్:
ఐదింటికల్లా డ్యూటీలో ఉండాలి కాబట్టి నాలుగున్నరకి బండి తీయక తప్పదు. పాత 350 సీసీ సింగిల్ సిలిండర్, కార్బురేటర్ మోడల్. చోక్ లాగి కాసేపు అలా ఉంచితేగానీ నిలబడదు. గోడకి ఆనుకునే పక్కవాళ్ల పడకగది, అందులో పసిపాప. మొన్న పాప వాళ్లమ్మ ఎదురుపడి, "అన్నయ్యా, బండి చప్పుడుకి పాప లేచిపోతోంది, మళ్లీ పడుకోబెట్టేసరికి తెల్లారుతోంది" అంది. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. నెమ్మదిగా చెప్పింది, అందుకే మనసులో ఉండిపోయింది. సైలెన్సర్ కంపెనీతో వచ్చిందే. బండి అమ్మేయమని తప్ప ఇంకేదైనా చెప్పండి.

గోడకవతల:
నేను అవతలి పార్టీని, చప్పుడు వినేవాణ్ణి. మా పక్కతను ముందు స్టార్ట్ చేసేవాడు. తర్వాత లోపలికెళ్లి హెల్మెట్ తెచ్చుకుని, గ్లవ్స్ తొడుక్కుని, ఫోన్ చూసుకుని అప్పుడు బయల్దేరేవాడు. ఈలోగా ఇంజను డుబడుబమంటూనే ఉండేది. స్టార్ట్ చేసినందుకు కాదు, ఇంకా వెళ్లడేంటి అని ఎదురుచూస్తూ పూర్తిగా మేలుకునేవాణ్ణి. ఒక సాయంత్రం కూర్చుని, "అన్నీ సర్దుకున్నాక ఆఖర్న స్టార్ట్ చెయ్యి తమ్ముడూ, చాలు" అన్నాను. చేశాడు. ఇప్పుడూ వినిపిస్తుంది, కానీ అటు తిరిగి పడుకునేలోపే వెళ్లిపోతాడు.

స్పానర్‌చేయి:
పై ఆయన చెప్పింది బండికీ మంచిదే. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, అందుకే చోక్ గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. చోక్ వేసినంతసేపూ చాలా బండ్లలో ఐడ్లింగ్ (బండి నిలబడి ఉండగా ఇంజను తిరిగే వేగం) కూడా ఎక్కువగానే ఉంటుంది, చప్పుడు అందుకే. ఆగిపోకుండా నడిచేంత పట్టు దొరికితే చాలు, బయల్దేరండి. మెల్లగా, తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) నడుపుతూ పోతే ఇంజనూ, గేర్‌బాక్సూ, టైర్లూ అన్నీ కలిసి వేడెక్కుతాయి. నిలబెట్టి ఉంచితే ఇంజను ఒక్కటే వేడెక్కుతుంది, అదీ నిదానంగా. కార్బురేటర్ లేని ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండ్లలో ఐడ్లింగ్ పెంచడం, దించడం ఈసీయూ, అంటే బండిలోని చిన్న కంప్యూటరే చూసుకుంటుంది. స్టార్ట్ అవగానే రయ్‌మని యాక్సిలరేటర్ తిప్పే అలవాటు ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఇంకో మాట. కంపెనీ సైలెన్సరే అయినా బాగుందని గ్యారంటీ లేదు. దగ్గర దగ్గర ప్రయాణాలకి సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, లోపల నీరు నిలిచి అడుగున తుప్పు పడుతుంది. ఇంజను హెడ్ దగ్గర బెండ్‌పైపు (పొగని సైలెన్సర్‌కి తెచ్చే వంపు గొట్టం) కలిసే చోట గాస్కెట్ (సందు మూసే రింగు) పోయినా చప్పుడు పెరుగుతుంది. ఇంజను చల్లగా ఉండగానే ఆ జాయింటు చుట్టూ సబ్బునీళ్లు రాసి స్టార్ట్ చేయండి. బుడగలు లేస్తే లీకున్నట్టే. నల్లటి మసి చారలు కనిపించినా అంతే. ఈ పని పగలు చేసుకోండి బాబూ.

తోపుడుబండి:
న్యూట్రల్‌లో పెట్టి, సందు చివరిదాకా తోసుకెళ్లి అక్కడ స్టార్ట్ చేస్తాను. పక్కన నడుస్తూ, కుడిచేతి వేళ్లు ముందు బ్రేక్ మీద ఉంచుకుని.

శబ్దలెక్క:
తోయడం మామూలు చిట్కాలా ఉంటుంది గానీ పనిచేస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 తగ్గితే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. రెండు మీటర్ల దగ్గర స్టార్ట్ చేసేది ఎనిమిది మీటర్ల అవతల చేస్తే ఆ తేడా తెలిసిపోతుంది. ఇరుకు సందులో గోడలు తిప్పికొడతాయి కాబట్టి అంత తగ్గదు, అందుకే మలుపు దాటాక చేయడం మేలు.

సింగిల్ సిలిండర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకొకసారి లోపల పెట్రోలు పేలుతుంది. 1000 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో అంటే సెకనుకి ఎనిమిది దెబ్బలు. అలాంటి బొంగురు చప్పుడు కిటికీ మూసినా ఆగదు, కీచు శబ్దాలే ఆగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లో రాత్రిపూట ఇంటి బయట సగటు 40 డెసిబెల్స్ దాటకూడదని సూచించింది. అది ఏడాది మొత్తం రాత్రుల సగటు. ఒక బండి నాలుగున్నరకి ఒకసారి మోగితే ఆ సగటు కదలనైనా కదలకపోవచ్చు, పాప మాత్రం సగటు చూసి నిద్రపోదు కదా.

ఫుల్‌త్రాటిల్:
అందరూ సౌండ్ తగ్గించమనేవాళ్లే. సౌండ్ ఉంటేనే కార్లవాళ్లు మనల్ని గమనిస్తారు బ్రో. నాది బయట కొన్న ఎగ్జాస్ట్, లోపల చప్పుడు తగ్గించే ముక్క, డీబీ కిల్లర్, తీసేశా. పికప్ కూడా పెరిగింది.

స్పానర్‌చేయి:
@ఫుల్‌త్రాటిల్ సైలెన్సర్ మూతి వెనక్కి ఉంటుంది. ముందున్న కారువాడు అద్దాలు మూసుకుని పాటలు వింటుంటాడు. నీ చప్పుడు ముందుగా వినేది నువ్వు దాటొచ్చినవాళ్లే. పికప్ సంగతంటావా, మోత పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. ఆ ముక్కని పట్టి ఉంచేది చాలా ఎగ్జాస్టుల్లో ఒక్క బోల్టు. కనీసం వీధి వరకైనా బిగించి పెట్టుకో.

ఫుల్‌త్రాటిల్:
బోల్టు ఎక్కడ పెట్టానో వెతకాలి 😅

రాత్రిడ్యూటీ:
నేను మూడింటికి ఇంటికి చేరతాను. ఇంజను చప్పుడొక్కటే కాదండీ. రిమోట్‌తో లాక్ చేస్తే వచ్చే కూత, సెంటర్‌స్టాండ్ ఠంగున పడటం, ఈ రెండూ ఇంకా చిరాకు. రిమోట్ బదులు తాళంచెవి, రాత్రి సైడ్‌స్టాండ్. మలుపు దగ్గరే ఇంజను ఆపి దిగి తోసుకొస్తా. కూర్చుని జారుకుంటూ రావడం మాత్రం వద్దు, చాలా బండ్లకి ఇంజను ఆపేస్తే హెడ్‌లైటూ పోతుంది.

పెద్దరికం:
చెప్పేవాళ్లకి ఒక మాట. నాలుగున్నరకి తలుపు తీసుకుని వచ్చి అరవకండి, అతనికి డ్యూటీ టైమవుతోంది, మీకు నిద్ర పాడైంది, ఇద్దరికీ మాట తూలుతుంది. పేరు రాయకుండా బండికి చీటీ అంటించడం అంతకన్నా చెడ్డది, ఎవరు పెట్టారోనని అతను వీధి మొత్తాన్నీ అనుమానిస్తాడు. "అందరూ అనుకుంటున్నారు" అనొద్దు, "నాకు ఇబ్బందిగా ఉంది" అనండి.

ఇంకోటి, ఒక్కోసారి గొడవ చప్పుడు గురించే కాదు. మా వరసలో ఒకాయన బండి మోతని ఏడాదంతా తిట్టాడు. తీరా చూస్తే అసలు కోపం ఆ బండి తన ఇంటి ముందు అడ్డంగా పెడుతున్నందుకు. బండి పక్కకి జరిగాక మోత ఊసే ఎత్తలేదు.

వేకువషిఫ్ట్:
అప్‌డేట్. సబ్బునీళ్లు రాస్తే బెండ్ దగ్గర బుడగలు బుసబుసా వచ్చాయి, గాస్కెట్ మార్పించాను. హెల్మెట్, బ్యాగు ముందే తగిలించుకుని, మలుపు దాకా తోసి స్టార్ట్ చేస్తున్నా. బరువు సంగతి అడక్కండి. పక్కింటి చెల్లెమ్మకి నా షిఫ్టులు ఏ వారం ఎప్పుడో చెప్పి నంబర్ ఇచ్చాను. పాప ఇప్పుడూ లేస్తోందట, కాకపోతే ఆకలికి.

మూడోఅంతస్తు:
మాది అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో పార్కింగ్. అక్కడ స్టార్ట్ చేస్తే మూడో అంతస్తుకి కూడా వినిపిస్తోంది. ర్యాంప్ ఎక్కించి తోయడం నా వల్ల కాదు. ఏం చేయాలి?

స్పానర్‌చేయి:
@మూడోఅంతస్తు సెల్లార్‌లో నిలబెట్టి వేడెక్కించడం చప్పుడుకే కాదు, ప్రాణానికీ మంచిది కాదండీ. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ర్యాంప్ మొదట్లోకి తోసి, ముందు చక్రం బయటివైపు పెట్టి స్టార్ట్ చేసి వెంటనే ఫస్ట్ గేర్‌లో ఎక్కించేయండి. రాత్రి పార్క్ చేసేటప్పుడే వీలైతే ర్యాంప్‌కి దగ్గరగా చోటు అడగండి. మీలా పొద్దున్నే వెళ్లేవాళ్లు ఇంకా ఉంటే ఆ చోట్లు వాళ్లకే కేటాయించమని అసోసియేషన్‌లో మాట్లాడొచ్చు.