ఇంగ్లండ్ తోటలో గడ్డి కొట్టం చూసొచ్చా, మన నిమ్మతోటలో అట్టాంటిది నిలబడుద్దా?

పొదలకూరు నిమ్మతోట:
మా అబ్బాయి ఎక్సెటర్‌లో ఉండాడు, ఎండాకాలం పోయినప్పుడు దగ్గర్లో కిల్లర్టన్ అని పాత జమీందారీ బంగళా తోట చూపించాడు. చెట్ల మధ్యన ఒక కొట్టం, మన పొలం కాడ కొట్టం లాగానే చూరు కిందికి దిగి ఉండాది. 1808లో థామస్ ఆక్లాండ్ అనే దొర కొత్త పెళ్లాం లిడియాకి చెప్పకుండా కట్టించాడంట. లోపల మూడు గదులు, ఒకదాంట్లో నేలకి జింకల కీళ్ల ఎముకలు పొదిగినారు!! నేను మాత్రం కప్పు చూస్తా నిలబడిపోయినా, చూరు కాడ జానెడు పైనే మందం. మన తాటాకు మూడో ఏటికి మళ్లీ కప్పాల్సిందే, వాళ్లకి ఎట్ట ఆగద్ది? తోటలో మంచం వేసుకోను ఒకటి వేయిద్దామని ఉంది.

ఉదయగిరి బాషా:
దాన్ని బేర్స్ హట్ అంటారు, 1860ల్లో ఆ ఇంటి కుర్రోడు కెనడా నుంచి నల్ల ఎలుగుబంటి తెచ్చి అందులో పెట్టాడు. మాకాడ ఎవురూ తేకుండానే వస్తాయి 😂

కందుకూరు కొట్టాలోడు:
అన్నా, 1808 నాటి గడ్డే ఇప్పటికీ ఉందనుకోవాక. కప్పు ఎప్పటికప్పుడు మారుస్తానే ఉంటారు, పైన రెండు వాలులు కలిసే కొప్పు అయితే పది పదిహేనేళ్లకే. మా నాయన ఇళ్లు కప్పేవోడు, ఆయన మాట ఒకటే, నీళ్లు నిలవకుండా జారిపోవాల. వాళ్లు 45, 50 డిగ్రీల వాలు పెట్టి అడుగు మందం కప్పుతారు కాబట్టి వాన పైపైనే తడిపి ఒక పుల్ల మీంచి ఇంకో పుల్ల మీదకి జారిపోద్ది, లోపల పొడిగా ఉంటది. మనోళ్లు గడ్డి మిగలబెట్టుకుందామని వాలు తగ్గిస్తారు, అక్కడే కుళ్లేది. ఇంకోటి, వరిగడ్డి జోలికి పోవద్దు, మెషీన్ కోతలో నలిగిపోయుంటది. ఆ కిల్లర్టన్ ఉండే డెవన్ జిల్లాలో వాడేది గోధుమ గడ్డే గానీ దానికోసం పొడుగ్గా పెరిగే పాత రకాలు వేసి, కంబైన్ పెట్టకుండా బైండర్‌తో కోసి కట్టలు కడతారు, మా తాత మొలకొలుకులు అనే పాత వరి రకం గడ్డి గురించి చెప్తుంటే నిలువెత్తు అనేవోడు, ఇప్పుడు ఆ గడ్డి యాడుంది. నువ్వు బాగా పండి ఆరిన బోద గడ్డి తెప్పించుకో.

చీరాల తీరం:
వాలు సంగతి నిజం. ఒక కాంట్రాక్టర్ చేత రిసార్ట్ స్టయిల్లో వేయించా, లుక్ బాగుంటదని వాలు లేకుండా చదునుగా పెట్టాడు, కార్తీకంలో ముసురు పట్టినప్పుడు మంచం మీద బక్కెట్ పెట్టుకొని మేం మూలకి ముడుచుకున్నాం. గాలికి కొప్పు కూడా లేచిపోయింది, దాని మీద పాత వల కప్పి కట్టండి.

పొదలకూరు నిమ్మతోట:
థ్యాంక్స్ అన్నా. మా మేస్త్రికి డిగ్రీలు చెప్తే నా మొహం చూస్తాడు, ఎట్ట చెప్పేది?

కందుకూరు కొట్టాలోడు:
కొట్టం వెడల్పు పన్నెండు అడుగులైతే గోడ మీద నుంచి కొప్పు దాకా ఏడడుగుల ఎత్తు లేపమను. చాలు.