ఆఫీసు సిస్టమ్స్‌లో లైనక్స్: తప్పు సాఫ్ట్‌వేర్ కంపెనీలదా, లైనక్స్‌దా?

బ్రోడీపేట అకౌంట్స్:
విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, మా ఆఫీసులో ఉన్నవన్నీ పాత సిస్టమ్సే, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదని విండోస్ 11 ఎక్కట్లేదు, సరే విండోస్ బదులు ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేద్దామని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డీలర్‌ని అడిగితే "లైనక్స్‌లో కూడా వస్తుందండీ" అన్నాడు. తీరా చూస్తే సర్వర్ ఒక్కటే లైనక్స్, మనం కూర్చుని ఎంట్రీలు కొట్టే క్లయింట్ విండోస్‌దే. కంపెనీకి కంప్లయింట్ టికెట్ పెడితే "అన్‌సపోర్టెడ్ ఓఎస్" అని ఒక్క ముక్క రాసి క్లోజ్ చేశారు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్) డబ్బులు మాత్రం ముందే కావాలి!

బెంజిసర్కిల్ అడ్మిన్:
వాళ్ళ బాధ కూడా చూడండి మాస్టారూ, ఏ లైనక్స్‌కని ఇస్తారు? ఉబుంటుకి డెబ్ ప్యాకేజీ, ఫెడోరా అనే ఇంకో లైనక్స్‌కి ఆర్‌పీఎం ప్యాకేజీ, కొత్త జీలిబ్‌సీ (ప్రోగ్రామ్‌లన్నీ ఆధారపడే లైబ్రరీ) మీద కంపైల్ చేసింది పాతదాంట్లో లేవదు, తెర మీద బొమ్మ చూపించే వేలాండ్ అనే కొత్త పద్ధతి డిఫాల్ట్ అయ్యాక స్క్రీన్ షేరింగ్‌లో నల్ల తెర తప్ప ఏం రాని యాప్స్ ఎన్నో.

పటమట కుర్రాడు:
అన్నా ఈ పాట ఎన్నాళ్ళు పాడతారు. అన్నిటికీ ఎవరు అడిగారు, ఒక్క ఉబుంటు ఎల్‌టీఎస్‌కి (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) ఇమ్మనండి, దానికి ఐదేళ్ళు అప్‌డేట్స్ ఉంటాయి. మైక్రోసాఫ్టే తన మీటింగ్ యాప్ టీమ్స్‌ని 2019లో లైనక్స్‌కి ఇచ్చి 2022 డిసెంబర్‌లో పీకేసి బ్రౌజర్‌లో వాడుకోమంది. చేతకాకా? గిట్టుబాటు కాక.

బ్రోడీపేట అకౌంట్స్:
పోనీ లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రామ్‌లు నడిపే వైన్‌లో లాగించమంటారా?

బెంజిసర్కిల్ అడ్మిన్:
ఓపెన్ అవుద్ది, డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ డాంగిల్ (టోకెన్) దగ్గర ఆగుద్ది. జీఎస్టీ రిటర్న్‌కి ప్రొప్రైటర్ అయితే ఓటీపీతో పనైపోద్ది, ప్రైవేట్ లిమిటెడ్‌కి డీఎస్‌సీ, అదే ఆ డిజిటల్ సంతకం, తప్పదు కదా, గడువు రోజు 20వ తారీఖు సాయంత్రం టోకెన్ పట్టకపోతే కస్టమర్ తిట్టేది లైనక్స్‌ని కాదు, మిమ్మల్ని.

గవర్నర్‌పేట డీటీపీ:
మాకీ గొడవే లేదు. తెలుగు టైపింగ్‌కి అను ఫాంట్స్, పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, విండోస్. అంతే 😀

పటమట కుర్రాడు:
అకౌంట్స్ గారూ, ఒక విండోస్ సిస్టమ్ ఉంచి టోకెన్ దానికే పెట్టండి, మిగతావి ఉబుంటు. ఏఎంసీ రెన్యువల్ అప్పుడు క్లయింట్ సాఫ్ట్‌వేర్ ఏ ఓఎస్ ఏ వెర్షన్ మీద నడుస్తుందో కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాటకి ఎవడూ పూచీ పడడు.

బ్రోడీపేట అకౌంట్స్:
ఇందాకే అడిగా తమ్ముడూ. "హెడ్డాఫీసుని కనుక్కుని చెప్తా" అన్నాడు, ఆ తర్వాత ఫోనెత్తట్లా.