2014 నాటి సిస్టమ్‌కి గ్రాఫిక్స్ కార్డు వేయించనా, ఆ డబ్బులు దాచుకోనా?

గోదావరి_గేమర్:
అందరికీ నమస్కారం. మా అన్నయ్య బీటెక్‌లో ఉన్నప్పుడు, 2014లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఇప్పుడు నా చేతికొచ్చింది. ఐ5-4570 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ (ఒకటే స్టిక్), జీటీఎక్స్ 750 టీఐ 2 జీబీ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే డబ్బా) మీద 450 వాట్స్ అని ఉంది, ఆ కంపెనీ పేరు మాత్రం నేనెప్పుడూ వినలేదు. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్.

రోజూ ఆడేది వాలరెంట్. అప్పుడప్పుడు జీటీఏ 5. ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్ ఆడాలని ఎప్పట్నుంచో కోరిక. వాలరెంట్ మామూలుగా బాగానే నడుస్తుంది గానీ, బాంబు పెట్టే సైట్‌లోకి అందరూ ఒకేసారి దూరినప్పుడు మాత్రం స్క్రీన్ పట్టేస్తుంది. అది వదిలేలోపు నేను చచ్చి ఉంటాను.

ఒక షాపులో "ఇది పనికిరాదు, మొత్తం మార్చెయ్" అన్నారు. ఇంకో షాపులో "కార్డు ఒక్కటి వేస్తే చాలు, దూసుకుపోతుంది" అని సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580కి ఆరు వేలు చెప్పారు. నా దగ్గర పదిహేను వేలున్నాయి. వచ్చే ఏడాది ఉద్యోగం వస్తే ఎలాగూ కొత్తది కొంటాను. ఈలోపు ఏం చేయమంటారు?

స్క్రూడ్రైవర్:
తమ్ముడూ, ఆ రెండు షాపుల్లో ఒక్కరైనా మూత తీసి చూశారా? చూసి ఉండరు. డబ్బు తీసేముందు అసలు ఏది అడ్డుపడుతోందో తేల్చుకో. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, దాంతో పాటు వచ్చే రివాట్యూనర్‌తో గేమ్ మీదే అంకెలు కనపడేలా పెట్టు. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం శాతం, సీపీయూ (ప్రాసెసర్)లో ఒక్కో కోర్ శాతం, ర్యామ్, సీపీయూ టెంపరేచర్, ఈ నాలుగూ చాలు. వాలరెంట్ ఒక మ్యాచ్, జీటీఏ కాసేపు ఆడి, పట్టేసిన క్షణంలో ఏ అంకె ఎంత ఉందో ఇక్కడ చెప్పు.

లెక్క ఇలా చూసుకో. జీపీయూ 97, 98 దగ్గర నిలబడి సీపీయూ ఖాళీగా ఉంటే కార్డు చాలట్లేదు. జీపీయూ యాభై, అరవైలో ఊగుతూ సీపీయూ కోర్లు నిండిపోతే ఎంత పెద్ద కార్డు వేసినా ఒరిగేదేమీ లేదు. రెండూ ఖాళీగా ఉండి గేమ్ ఆగుతుంటే ర్యామ్, డిస్క్, వేడి, వీటిలో ఏదో ఒకటి.

ఫ్రేమ్‌రేట్:
ఎందుకన్నా ఇంత శ్రమ? అది నాలుగో తరం ఐ5. దానిమీద పెట్టే ప్రతి రూపాయి బూడిదలో పోసిన పన్నీరే. రైజెన్ 5 5600, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 తీసుకుంటే ఇంకో నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు.

స్క్రూడ్రైవర్:
మాట నిజమే, కానీ ఆ అబ్బాయి చేతిలో ఉన్నది పదిహేను వేలు. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు ఎలా ఎగబాకాయో నీకు తెలియంది కాదు. ఏఐ సర్వర్ల కోసం మెమరీ అంతా అటు పోతుంటే డీడీఆర్4 కూడా మండిపోతోంది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కొనేసరికే బడ్జెట్ అయిపోయి, చివరికి దానికీ ఆ 750 టీఐనే తగిలించుకుని కూర్చోవాలి. వచ్చే ఏడాది ఎలాగూ కొంటానంటున్నాడు కదా, నేను చూసేది ఒక్కటే: ఇప్పుడు కొన్నది రేపటి సిస్టమ్‌లోకి కూడా వస్తుందా, రాదా? వచ్చేదానికి మంచి డబ్బు పెట్టొచ్చు. రానిదానికి సెకండ్‌హ్యాండ్‌లో చిల్లర డబ్బు పెట్టాలి.

గోదావరి_గేమర్:
అన్నా, చూశాను. వాలరెంట్‌లో పట్టేసినప్పుడు నాలుగు కోర్లూ 95 నుంచి 100. జీపీయూ 55 దాటలేదు. ర్యామ్ 7.4 జీబీ వాడుతోంది, వెనకాల క్రోమ్, డిస్కార్డ్ ఉన్నాయి. సీపీయూ టెంపరేచర్ 96 చూపించింది, కాసేపు 100 కూడా. జీటీఏలో మాత్రం జీపీయూ 99 దగ్గరే ఉంది, సీపీయూ 70 చిల్లర. టెంపరేచర్ అంత ఉండొచ్చా?

స్క్రూడ్రైవర్:
ఉండకూడదు. నూరు దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించేసుకుంటుంది. 3.6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లాల్సినది ఎక్కడికో పడిపోతుంది. నీ గేమ్ పట్టేయడంలో సగం వాటా దీనిదే అయ్యుంటుంది.

ప్రాసెసర్ వేడిని పైనున్న కూలర్‌కి దాటించే థర్మల్ పేస్ట్ పదేళ్లనాటిది కదా, ఎండి సున్నంలా అయిపోయి ఉంటుంది. సిస్టమ్‌ని కాసేపు ఆడించి, కొంచెం వేడిగా ఉన్నప్పుడు ఆఫ్ చేసి, ప్లగ్ తీసేసి, అప్పుడు ఫ్యాన్ విప్పు. ఇంటెల్ స్టాక్ కూలర్‌కి నాలుగు పిన్నులుంటాయి, బాణం గుర్తున్న వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే వచ్చేస్తాయి. ఫ్యాన్ రెక్కల కింద అల్యూమినియం సందుల్లో దుమ్ము దూది పరుపులా పేరుకుని ఉంటుంది, పెయింట్ బ్రష్‌తో దులుపు. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టు. మళ్లీ బిగించేటప్పుడు ఎదురెదురు పిన్నులు ఒక జత, తర్వాత ఇంకో జత నొక్కు. నాలుగూ బోర్డు వెనకవైపు పూర్తిగా దిగాయో లేదో తప్పకుండా చూడు. ఒక్క పిన్ను సగం దిగినా మళ్లీ అదే వేడి.

ఇది చేశాక చెప్పు. అప్పటిదాకా పర్సు తీయకు.

విజయవాడ_సర్వీసు:
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ఒక మాట. ఆర్‌ఎక్స్ 580 అంటున్నారు గానీ ముందు ఆ ఎస్ఎంపీఎస్ సంగతి చూడండి. పక్కన స్టిక్కర్ మీద ప్లస్ 12 వోల్ట్‌కి ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి 12తో హెచ్చవేయండి. 450 వాట్స్ అని పెద్దక్షరాల్లో ఉన్న లోకల్ ఎస్ఎంపీఎస్‌ల మీద 16 ఆంపియర్లు అని చిన్నగా రాసుంటుంది. అంటే కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి దక్కేది 192 వాట్లు. 750 టీఐ 60 వాట్ల కార్డు, విడిగా పవర్ వైరు కూడా అడగదు, కాబట్టి ఇన్నాళ్లూ బండి నడిచింది. ఆర్‌ఎక్స్ 580 ఒక్కటే 185 వాట్లు, మీ ఐ5 ఇంకో 84. అక్కడితో సరి.

"కన్వర్టర్ వైరు వేసి ఇస్తాం" అంటారు, ఒప్పుకోవద్దు. వైరు మార్చినంత మాత్రాన లేని కరెంటు పుట్టుకురాదు. ఇలాంటి ఎస్ఎంపీఎస్ పోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునో డిస్క్‌నో వెంట తీసుకుపోతుంది. ఇక మన దగ్గర వేసవిలో వోల్టేజ్ సంగతి చెప్పేదేముంది.

గోదావరి_గేమర్:
స్టిక్కర్ చూశానండీ. 17 ఆంపియర్లు.

పేస్ట్ కూడా మార్చాను. మీరు చెప్పిన దూది పరుపు నిజంగానే ఉంది, ఫ్యాన్ కింద అల్యూమినియమే కనపడలేదు. ఇప్పుడు వాలరెంట్‌లో 71 దాటట్లేదు. పట్టేయడం బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. క్రోమ్ మూసేస్తే ఇంకా నయం.

స్క్రూడ్రైవర్:
చూశావా, డబ్బా పేస్ట్ ఖర్చుతో ఎంత తేడా వచ్చిందో. ఇక కొనాల్సినవాటి సంగతి.

మొదట ఎస్ఎస్‌డీ. హెచ్81 బోర్డుల్లో సాధారణంగా ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా గుచ్చే ఎస్ఎస్‌డీ) స్లాట్ ఉండదు, అడాప్టర్లతో కుస్తీ పట్టొద్దు. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ 500 జీబీది తీసుకో. ఈ చిప్‌సెట్‌లో నాలుగు సాటా పోర్టుల్లో రెండు మాత్రమే 6 గిగాబిట్‌వి. బోర్డు మీద సాటా 6జీ అని ఉన్నదాంట్లోనే పెట్టు. సైబర్‌పంక్‌కి 2023 నుంచి కనీస అర్హతలోనే ఎస్ఎస్‌డీ ఉంది, హార్డ్ డిస్క్‌ని లెక్కలోంచి తీసేశారు. కొత్త సిస్టమ్ కొన్నా ఈ ఎస్ఎస్‌డీ గేములు దాచుకోవడానికి పనికొస్తుంది.

తర్వాత ఇంకో 8 జీబీ డీడీఆర్3 స్టిక్, 1600 మెగాహెర్ట్జ్‌ది, సెకండ్‌హ్యాండ్‌లో. నీ బోర్డులో స్లాట్లు రెండే, హెచ్81 మోసేదీ 16 జీబీ వరకే, కాబట్టి దానితో నిండిపోతుంది. ఇక్కడ కెపాసిటీ ఒక్కటే కాదు లాభం. రెండు స్టిక్కులుంటే డ్యూయల్ చానెల్ అవుతుంది, అంటే ప్రాసెసర్ రెండింటినీ ఒకేసారి వాడుకుంటుంది, ప్రాసెసర్ కష్టపడే గేముల్లో ఆ తేడా నేరుగా కనపడుతుంది. ఇది రేపటి సిస్టమ్‌లోకి రాదు, అందుకే కొత్తది కొనొద్దన్నాను. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) వైపు తెలిసినవాళ్లు ఎవరైనా వెళ్తుంటే తెప్పించుకో, పెట్టి చూసి తీసుకోమను.

మూడోది 550 వాట్ల, 80 ప్లస్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే సర్టిఫికెట్) ఉన్న ఎస్ఎంపీఎస్, కొత్తది, బిల్లుతో, ఐదేళ్ల వారంటీ ఉన్నది. ఇక్కడ కక్కుర్తి వద్దు. కొత్త సిస్టమ్‌లోకి సుబ్బరంగా వెళ్తుంది.

ఇవి కొన్నాక మిగిలిన డబ్బుకి ఐ7-4770 మంచి రేటుకి దొరికితే వేసుకో. అదే సాకెట్, అదే 84 వాట్లు, కోర్లూ నాలుగే గానీ థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు) ఎనిమిది. వాలరెంట్‌లో మిగిలిన ఆ కాస్త పట్టేయడం దాంతో పోవచ్చు. రేటు ఎక్కువ చెబితే మాత్రం వదిలెయ్.

ఫ్రేమ్‌రేట్:
మరి కార్డు? వాడికి ఎల్డెన్ రింగ్ కావాలి కదా. అన్నీ కొనిపించి అసలుది మరిచిపోయారు.

స్క్రూడ్రైవర్:
మరిచిపోలేదు, కావాలనే చివరికి పెట్టాను. ఎల్డెన్ రింగ్ కనీసం అడిగేదే జీటీఎక్స్ 1060 3 జీబీ, 12 జీబీ ర్యామ్. సైబర్‌పంక్ 1060 6 జీబీ లేదా ఆర్‌ఎక్స్ 580 8 జీబీ అడుగుతుంది. కాబట్టి 750 టీఐతో ఈ రెండింటి జోలికి పోకూడదు. ప్రాసెసర్ దగ్గర కూడా ఎల్డెన్ రింగ్ ఐ5-8400 అంటుంది, సైబర్‌పంక్ ఐ7-6700 అంటుంది. అంటే కార్డు వేసినా నువ్వు కనీస గీతకి దిగువనే ఉంటావు. గేమ్ ఓపెన్ అవుతుంది, నడుస్తుంది, కానీ జనం ఎక్కువున్న వీధుల్లో తడబడుతుంది.

ఇంకో చిక్కు హెచ్81 వల్లే. ప్రాసెసర్‌కి పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి) 3.0 వచ్చినా, ఈ చిప్‌సెట్ కార్డు స్లాట్‌ని 2.0కే కట్టేస్తుంది. 16 లేన్ల పాత కార్డులకి పెద్ద నష్టం లేదు. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీలకి ఉన్నవి నాలుగే లేన్లు, వాటిని దీంట్లో పెడితే గొంతు నులిమినట్టే. "కొత్త కార్డు, చౌక, కరెంటు తక్కువ" అని ఎవరైనా అంటగడితే తీసుకోకు. ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది లేన్లది, కొంత పోగొట్టుకుంటుంది గానీ 132 వాట్లే, 8 జీబీ, కొత్త బోర్డులోకి మారాక పూర్తి స్పీడు ఇస్తుంది. నేనైతే ఆ ఆరు వేలు 580కి పెట్టకుండా, ఇంకొంచెం పోగేసి 6600 లాంటిది చూస్తాను.

విజయవాడ_సర్వీసు:
580నే కొంటానంటే మాత్రం చూసుకుని కొనండి. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఎథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగిపోయాక ఆ కార్డులు మార్కెట్లో వచ్చిపడ్డాయి. వాటిలో 2048ఎస్‌పీ అనే తక్కువ రకం కూడా 580 పేరుతోనే తిరుగుతోంది. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో షేడర్లు (కార్డులో లెక్కలు చేసే యూనిట్లు) 2304 చూపిస్తే అసలుది, 2048 చూపిస్తే కాదు. మీ కళ్ల ముందే పావుగంట ఫర్‌మార్క్ (కార్డు మీద పూర్తి భారం వేసే టెస్ట్) నడిపించమనండి. వద్దంటే ఆ బేరం వదులుకోండి.

ఆర్థిక సంగతి ఎలా ఉన్నా, డ్రైవర్ల సంగతీ ఉంది. 750 టీఐ, 1060 లాంటి 10 సిరీస్ కార్డులకి కొత్త గేముల కోసం చేసే డ్రైవర్లని ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది, ఇకపై సెక్యూరిటీ ప్యాచ్‌లే.

గోదావరి_గేమర్:
సరే, కార్డు ఇప్పుడొద్దు. ఎస్ఎస్‌డీ, ర్యామ్, ఎస్ఎంపీఎస్ తీసుకుంటాను. ఎలాగూ ఎస్ఎస్‌డీలో విండోస్ మళ్లీ ఎక్కించాలి కాబట్టి రూఫస్ అనే టూల్‌తో విండోస్ 11 వేసేద్దామా? ఫ్రెండ్ వేసిస్తానంటున్నాడు.

స్క్రూడ్రైవర్:
వద్దు! అధికారికంగా విండోస్ 11కి ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అర్హత. రూఫస్‌తో ఆ చెకింగ్ తప్పించి ఎక్కించొచ్చు, ఎక్కుతుంది కూడా. కానీ విండోస్ 11 మీద వాలరెంట్‌లో మోసాలు పట్టే వాంగార్డ్‌కి టీపీఎం 2.0 (బోర్డులో ఉండే సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ రెండూ కావాలి. నీ బోర్డులో టీపీఎం 2.0 ఉండదు. గేమ్ ఓపెన్ చేయగానే వీఏఎన్9001 ఎర్రర్ చూపించి కూర్చుంటుంది. రోజూ ఆడే గేమే పోతుంది.

విండోస్ 10నే తాజాగా వేసుకో. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది గానీ, ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది.

ఆప్టిప్లెక్స్_బాధితుడు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది సెకండ్‌హ్యాండ్ డెల్ ఆప్టిప్లెక్స్ 9020, సన్న క్యాబినెట్. నేను కూడా ఎస్ఎంపీఎస్ మార్చి కార్డు వేసుకోవచ్చా?

విజయవాడ_సర్వీసు:
మీది వేరే కథండీ. అందులో బోర్డుకి వెళ్లే పవర్ కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, డెల్ సొంత 8 పిన్నులది. సన్న క్యాబినెట్‌లో బజారు ఎస్ఎంపీఎస్ పట్టదు కూడా. ఉన్నదాన్ని కదపకుండా, విడి పవర్ వైరు అక్కర్లేని పొట్టి కార్డు చూసుకోండి. లో ప్రొఫైల్‌లో జీటీఎక్స్ 1650 గానీ, 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ గానీ. మీ బోర్డుది క్యూ87 చిప్‌సెట్ కాబట్టి స్లాట్ 3.0నే, ఆ గొడవ లేదు. కొనేముందు కార్డు మందం, క్యాబినెట్‌లో ఖాళీ టేపుతో కొలుచుకోండి.

గోదావరి_గేమర్:
అన్నీ బిగించాను. ర్యామ్ రెండూ డ్యూయల్ చానెల్ అని సీపీయూ-జెడ్ చూపిస్తోంది. వాలరెంట్‌లో క్రోమ్ తెరిచి ఉన్నా పట్టేయట్లేదు, ఎప్పుడైనా చిన్న జర్క్ అంతే. ఐ7కి ఐదు వేలు చెప్పాడు, వదిలేశాను. ఆ డబ్బు 6600 కోసం దాస్తున్నా. ఆఖరి ప్రశ్న: కార్డు కొన్నాక ఈ 750 టీఐ అమ్మేయనా?

స్క్రూడ్రైవర్:
దానికి ఎంతొస్తుందిలే. ఉంచుకో. రైజెన్ 5 5600కి సొంత గ్రాఫిక్స్ ఉండవు, ఇంటెల్‌లో ఎఫ్ రకాలకీ అంతే. ఏదో ఒక రోజు స్క్రీన్ రాకపోతే, తప్పు కార్డుదా బోర్డుదా అని తేల్చుకోవడానికి ఇంట్లో ఒక కార్డు ఉండాలి. పవర్ వైరు కూడా అడగదు కాబట్టి దానికంటే పనికొచ్చేది దొరకదు.