కొనోటీ-అహులు పద్ధతిలో సికిల్ సెల్ వంశవృక్షం రాసుడు ఎట్లా?

సిరోంచ ఆరోగ్య కార్యకర్త:
ఘనా దేశపు డాక్టర్, జన్యుశాస్త్ర ప్రొఫెసర్ ఫెలిక్స్ కొనోటీ-అహులు గురించి ఆశా శిక్షణలో చెప్పాలె. ఆయన పనిలో మన గడ్చిరోలి ఊళ్లకు అక్కరకొచ్చేది ఏంది అన్నా?

అహేరి నుంచి:
1930లో ఓడుమాసే క్రోబోలో పుట్టి, లండన్‌లో డాక్టరీ చదివి, ఘనా రాజధాని అక్రాలోని కోర్లెబూ ఆసుపత్రిలో సికిల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి లెక్క వంగే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు) రోగులను ఏండ్ల తరబడి చూసిండు. అన్నిటికంటె పెద్ద పని ఇంటి చరిత్ర. తన వంశంలోనే ఈ జబ్బును 1670 దాకా వెనక్కి పట్టుకపోయిండు. అమెరికాలో హెరిక్ అనే డాక్టర్ ఆ కొడవలి కణాల గురించి రాసింది 1910లో. ఘనాలో మాట్లాడే 'గా' అనే భాషలో మాత్రం అంతకుముందే 'చ్వేచ్వీచ్వే' అనే పేరుంది. కీళ్లను, బొక్కలను పట్టి పీకే నొప్పికి జనం పెట్టుకున్న పేరది.

అందుకే "సికిల్ ఉందా?" అని అడగొద్దు. "వానకు, చలికి బొక్కలు పీకుతయా? పసిగున్నప్పుడు చేతులు, పాదాలు ఉబ్బినయా? కండ్లు పచ్చబడ్డయా?" అని అడగాలె. అక్రాలో వానకాలం నొప్పుల కేసులు పెరుగుడు ఆయన గమనించిండు. మన దగ్గర నాట్లప్పుడు తడిబట్టలతో బురదలో నిలబడే రోజులు చూసుకో.

కాగితం మీద మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న. జబ్బుంటే నిండా నలుపు, క్యారియరైతే (జబ్బు లేకున్నా ఆ జన్యువును మోసేవాళ్లు) సగం, చనిపోతే అడ్డగీత. మేనరికానికి జంట గీత. సచ్చిపోయిన పిల్లలను మెల్లగ, మర్యాదగ అడిగి తప్పక రాయాలె. తల్లి వైపొక్కటే రాస్తే సగం కథ పోయినట్టే.

ల్యాబ్ పని చేసేవారు:
తర్వాత సాల్యుబిలిటీ పరీక్ష, అంటే రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే ద్రావణం మబ్బుపట్టే పరీక్ష. 2 మిల్లీలీటర్ల ద్రావణంలో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి 5 నిమిషాలాగి, గొట్టం వెనక నల్లగీతల కాగితం పెట్టి చూడాలె. గీతలు కనబడకపోతే పాజిటివ్. ద్రావణంలోని డైథయొనైట్ అనే రసాయనం పాతబడితే ద్రావణం మబ్బుపట్టదు, ఉన్న జబ్బు లేదని వస్తది. అందుకే రోజూ తెలిసిన క్యారియర్ రక్తంతో సరిచూడాలె. రక్తం బాగా తక్కువున్నవాళ్లకు, ఆరు నెలల్లోపు పిల్లలకు, ఈ మధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకు ఫలితాన్ని నమ్మొద్దు. క్యారియరా, రోగా అన్నది ఇది చెప్పదు. దానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ కావాలె.

సిరోంచ ఆరోగ్య కార్యకర్త:
పిల్ల, పిలగాడు ఇద్దరూ క్యారియర్లైతే?

అహేరి నుంచి:
పెళ్లి మాటలకు ముందే ఇద్దరినీ కూసోబెట్టి చెప్పాలె. నిర్ణయం వాళ్లది. ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. "మొదటి బిడ్డకు వచ్చింది, ఇగ ముగ్గురికి రాదు" అని చాలామంది లెక్కేస్తరు. అది తప్పు, రెండో కాన్పుకూ అదే నాలుగింట ఒకటి.