చిత్రకొండ వైపు కొత్త కంపెనీకి వెళ్తున్నా, మొదటి నెల ఎలా నెట్టుకురావాలి?

నాగావళి_ఒడ్డు:
కేంద్ర బలగంలో కానిస్టేబుల్‌ని. ఊరు పార్వతీపురం దగ్గర. బదిలీ మీద మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ వైపు కంపెనీలో (బలగంలోని ఒక దళం) ఆమద్ ఇవ్వాలి, అంటే చేరినట్టు హాజరు చెప్పాలి, పది రోజులే టైముంది. అక్కడ నాతో కలిపి తెలుగువాళ్లం ఇద్దరమేనట. మిగతా అంతా యూపీ, బీహార్, హర్యానా, అస్సాం. హిందీ అర్థమవుతుంది, మాట్లాడబోతే తడబడతాను. ఇంట్లో భార్య, రెండేళ్ల పాప. ఆమెకి తెలుగు తప్ప రాదు. ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసిన అన్నలు చెప్పండి.

పాత_హవల్దార్:
తమ్ముడూ, కొత్త కంపెనీ నిన్ను మొదట తూచేది మోర్చా (కాపలా స్థానం) మార్పిడి దగ్గర. నీ టైముకి 10 నిమిషాల ముందే బూటు లేసు కట్టుకుని నిలబడు. రెండు గంటలు డ్యూటీ, నాలుగు గంటలు విశ్రాంతి అనుకో. రాత్రి 2 గంటలకి నువ్వు ఆలస్యమైన ప్రతి నిమిషం అవతలివాడి నిద్రలోంచి పోతుంది. ఆ కోపం పైకి అనరు, నెలల తరబడి లోపలే పెట్టుకుంటారు.

డ్యూటీ తీసుకునేటప్పుడు తూటాలు లెక్కపెట్టు. నైట్ విజన్ బ్యాటరీ వెలుగుతోందా చూడు. ఆ రాత్రి సంకేత పదం, ముందువాడు గమనించిన కదలిక అడుగు. మొహమాటపడి లెక్క చూడకుండా తీసుకుంటే, తెల్లారి ఒక్క తూటా తగ్గినా ఇద్దరూ ఒకరినొకరు అనుమానిస్తారు. అడిగి లెక్క తీసుకున్నవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు.

చిన్నదే కానీ చెప్తున్నా. బ్యారక్‌లో వరసగా మంచాలు, అన్నిటికీ ఒకే రంగు దోమతెరలు. టార్చి మీద వేలు అడ్డం పెట్టుకుని లేపడానికి వచ్చేవాడికి అన్నీ ఒకటే. నీ తెర కాళ్ల వైపు తాడుకి తెల్ల చేతిరుమాలు కట్టి, ఆ గుర్తు గార్డ్ కమాండర్‌కి చెప్పు. నీ కోసం వచ్చి పక్కవాణ్ణి లేపారంటే పొద్దున్నకల్లా నీ పేరు బ్యారక్ అంతా తిరుగుతుంది. తెర అంచులు పరుపు కిందకి దోపడం మరవకు, అక్కడ ఫాల్సిపారం మలేరియా ఉంది. జ్వరం తగిలిన రోజే రక్తపరీక్ష చేయించుకో. రేపు చూద్దామంటే ప్రాణం మీదికి వస్తుంది, నీ డ్యూటీ బడ్డీ (నీతో జోడీగా ఉండే జవాను) నెత్తిన పడుతుంది.

హిందీలో తడబడితే ఎవరూ ఏమీ అనుకోరు. తంటా అంతా 'తూ', 'తుమ్' దగ్గరే. మన నువ్వు అలవాటుతో అవి నోట్లోంచి జారిపోతాయి. పెద్దా చిన్నా చూడకుండా అందరికీ 'ఆప్' వాడు, అధికారులకి 'సాబ్' చేర్చు. ఇద్దరు తెలుగువాళ్లన్నావు కదా, లంగర్‌లో (జవాన్ల భోజనశాల) పక్కన మూడో మనిషి కూర్చుంటే మీరిద్దరూ హిందీలోనే మాట్లాడుకోండి. తెలుగులో చెప్పుకుని నవ్వితే తన గురించే అనుకుంటాడు.

తెలుగు పనికొచ్చే చోటు వేరే ఉంది. మోటు, కలిమెల వైపు కోయ ఊళ్లలో తెలుగు తెలిసినవాళ్లు దొరుకుతారు, కంపెనీకి నువ్వు అక్కరకొస్తావు. ఊరివాళ్లు అన్నది అన్నట్టే హిందీలో చెప్పు, నీ ఊహ కలపకు.

బడ్డీకి మొదటి వారంలోనే ఒక కాగితం రాసివ్వు: బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇంటి నంబరు, హిందీ వచ్చిన బంధువు నంబరు ఒకటి. ఆ రెండో నంబరు చాలామంది ఇవ్వరు. అవసరం పడిన రోజు బడ్డీ హిందీలో, మీ ఆవిడ తెలుగులో మాట్లాడితే ఆమెకి కంగారు తప్ప ఏమీ అందదు.

పర్లాకిమిడి_కోడలు:
అన్నయ్యా, ఇంటి వైపు సంగతి నేను చెప్తాను. రోజూ ఫోన్ చేస్తానని మాటివ్వకండి. సిగ్నల్ లేని రోజు, పార్టీ మీద (గస్తీ బృందంతో) బయటికెళ్లిన రోజు ఆమె అన్నం మానేసి కూర్చుంటుంది. "మూడు రోజులు ఫోన్ రాకపోయినా భయపడకు, నాలుగో రోజు ఈ నంబరుకి చెయ్యి" అని బెటాలియన్ కంట్రోల్ రూమ్ నంబరు ఇచ్చి వెళ్లండి. ఆమె తరఫున మాట్లాడే హిందీ తెలిసినవాళ్లెవరో ముందే అనుకోండి. బయల్దేరే తేదీ, వెళ్లే చోటు ఫోన్లో చెప్పొద్దు, ఆమె అడగొద్దు. ఇది మొదటి రోజే ఇద్దరూ అనుకుంటే తర్వాత "నా దగ్గర దాస్తున్నావు" అన్న మాట రాదు.

బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా ఉండాలి. పాపకి జ్వరమొస్తే మీ ఓటీపీ కోసం ఆమె ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడే పరిస్థితి పెట్టకండి.

ప్రాణహిత_గట్టు:
మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. పైన రాసిన ఇద్దరూ చెప్పని సంగతి సెలవులు. ఏడాదికి 60 ఈఎల్ (ఆర్జిత సెలవులు), పైగా సీఎల్ (క్యాజువల్ లీవు) కాగితం మీద ఉంటాయి, కానీ నఫ్రీ (క్యాంపులో ఉండే జవాన్ల సంఖ్య) తగ్గకూడదు కాబట్టి అందరినీ ఒకేసారి వదలరు. హోలీ, దీపావళి, ఛఠ్‌కి ఉత్తరాదివాళ్లకి ఇల్లు కావాలి. ఆ రోజుల్లో నువ్వు ఉంటానని ముందే సీహెచ్ఎంకి (కంపెనీ హవల్దార్ మేజర్) చెప్పి, సంక్రాంతి అడుగు. అయితే అస్సాం వాళ్ల మాఘ బిహు కూడా అప్పుడే. కాబట్టి అక్టోబరులోనే వాళ్లతో కూర్చుని, ఈ ఏడు నువ్వు, వచ్చే ఏడు నేను అని తేల్చుకో. డిసెంబరులో మొదలుపెడితే తగువే.

2018లో గురుప్రియ వంతెన తెరిచాక బలిమెల జలాశయం అవతలికి లాంచీ కోసం ఆగే పని తప్పింది. అయినా రోడ్ ఓపెనింగ్ పార్టీ వెళ్లి దారి చూశాకే బండి కదులుతుంది. మల్కన్‌గిరిలో రైలు లేదు, పక్క కోరాపుట్ జిల్లా జయపూర్ వెళ్లి ఎక్కాలి. క్యాంపు దిగే రోజుకే టికెట్ తీయకు, ఒక రోజు వదిలి తియ్యి. మా భామ్రాగఢ్ వైపైతే వానల్లో పర్లకోట నది పొంగి దారే మూసుకుపోతుంది, జూలై, ఆగస్టుల్లో ఆ ఒక్క రోజూ చాలదు.

ఇంకొకటి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. సెలవు దొరక్క లేదా ఇంటి గొడవతో ఎవరైనా నిద్ర మానేసి, ఫోన్ ఎత్తక, తన సామాను పంచిపెడుతుంటే ఆ రాత్రి అతన్ని ఒంటరిగా ఆయుధంతో మోర్చాకి పోనివ్వకండి. వెంటనే కంపెనీ కమాండర్‌కి చెప్పండి. ఇది చాడీ కాదు. మానసిక సమస్యలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

నాగావళి_ఒడ్డు:
అందరికీ దండాలు. లంగర్‌లో ఒకరోజు మన పప్పుచారు పెట్టించవచ్చా? 80 మందికి ఎంత కావాలి?

పాత_హవల్దార్:
మొదటి నెల వద్దు. మెస్ కమిటీ మీటింగులో అడిగి, ఆదివారం మధ్యాహ్నం అన్నంలోకి పెట్టించు. కందిపప్పు 4 కిలోలు, చింతపండు 600 గ్రాములు, టమాటా 3 కిలోలు, ఉల్లి 2 కిలోలు. కారం మనింట్లో వేసే దాంట్లో సగం వెయ్యి. పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే చింతపండు పులుసు పొయ్యాలి. ముందే పోస్తే పులుపుకి పప్పు ఉడకదు, పెద్ద డేగిసాలో ఇంకో గంట గ్యాస్ మండుతుంది, వంటవాడు మళ్లీ నిన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడు. రోటీ తినేవాళ్లకి ఆ పూట ఆలూ కూర విడిగా ఉండేలా చూడు.